ఎండకు కొదవలేని ఊళ్లో ఎముకలు మెత్తబడిన ఇగ్వానా



ఇక్కడ నేను సాధారణంగా మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, పిల్లల టీకాల గురించి రాస్తుంటాను. ఈసారి తొండజాతికి చెందిన ఒక విదేశీ జంతువు గురించి రాస్తున్నాను. కొందరికి వింతగా తోచవచ్చు. చివరిదాకా చదివితే, ఇది ఆ జంతువు ఆరోగ్యానికి ఎంత సంబంధించినదో, మన ఇళ్లలోని పసిబిడ్డల ఆరోగ్యానికీ అంతే సంబంధించినదని బోధపడుతుంది.

గడచిన చలికాలంలో ఒక ఉదయం ఒక యువకుడు అట్టపెట్టె చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అతని తండ్రి పూర్వం నా దగ్గర వైద్యం చేయించుకున్నవాడే. షాద్‌నగర్ దాటాక బెంగళూరు రహదారికి దగ్గరలో వారికి ఫామ్‌హౌస్ ఉంది. పెట్టె తెరిచి చూపాడు. పాత తువ్వాలు మీద తోకతో కలిపి మూడడుగుల పొడవున్న పచ్చ ఇగ్వానా. పచ్చ అనడమే గాని, దాని రంగు బురదకు తిరిగి ఉంది.

"మంచిగనే తింటుండె సార్. మూడు దినాల సంది కాలు కదుపుతలేదు. బలానికి ఏమన్న రాసియ్యుండ్రి" అన్నాడు. వెనక కాళ్ల తొడలు ఉబ్బి ఉన్నాయి. అవి చూపించి, "కండ మంచిగ పట్టింది సార్, అయినా లేస్తలేదు" అన్నాడు. నేను వేలితో దాని కింది దవడను మెల్లగా తాకాను. రబ్బరులా వంగింది. వేళ్లు సన్నగా అదురుతున్నాయి. వెన్ను ఒకచోట వంకర తిరిగి ఉంది.

నేను పశువైద్యుణ్ణి కాను. ఆ మాటే అతనితో చెప్పి, ఆలస్యం చేయకుండా రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. కానీ నా కళ్ల ముందున్నది ఏమిటో పోల్చుకోవడానికి నాకు పశువైద్య పట్టా అక్కరలేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసినవాడికి వంకర తిరిగిన ఎముకలు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు బిగుసుకుపోయినవారిని చూశాను. ఎండ తగలక, పాలు అందక కాళ్లు దొడ్డికాళ్లైన పసివాళ్లను చూశాను. ఈ ఇగ్వానాది ఆ రెండో తెగకు చెందిన రోగం. మనుషుల్లో రికెట్స్ అంటామే, దానికి తోబుట్టువు.

ఆరు రోజులకు అది చనిపోయింది. ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, అతను అన్న చివరి మాట ఇది: "ఇంకో పిల్లను తెస్త సార్. ఈసారి మంచిగ చూసుకుంట."

ఆ మాట వల్లనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్రేమ తక్కువై చావలేదు

ఆ అబ్బాయి క్రూరుడు కాడు. దానికి పేరు పెట్టుకున్నాడు. భుజం మీద ఎక్కించుకొని తిరిగాడు. హాలులో నాలుగడుగుల అద్దాలపెట్టె కొన్నాడు, అందులో నీలిరంగు అలంకార దీపం పెట్టాడు. వేసవిలో దానికి ఉక్కపోయకూడదని ఏసీ నడిపాడు. రోజూ కీరదోస, టమాటా, లెట్యూస్ ఆకులు వేశాడు. బలం కోసం వారానికి రెండు ఉడికించిన గుడ్లు పెట్టాడు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతను సంతోషంగా జవాబు చెప్పాడు. అతను చెప్పిన ఒక్కొక్క జవాబూ ఆ జంతువు మరణపత్రంలో ఒక్కొక్క వాక్యం.

అమ్మినవాడు అతనికి మూడు మాటలు చెప్పాడట: ఇది మొరగదు, కరవదు; కూరగాయ ముక్కలు వేస్తే చాలు; చిన్న పెట్టెలో పెడితే చిన్నగానే ఉంటుంది. ఈ మూడూ అబద్ధాలే. మూడోది అబద్ధం మాత్రమే కాదు, పాపం కూడా. పెట్టె చిన్నదైనంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా పెరగడం మానదు. తోకతో కలిపి అయిదారు అడుగులు పెరుగుతుంది. సరిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. చిన్నగానే ఉండిపోయిందంటే అది పెట్టెకు తగ్గట్టు ఒదగలేదు, రోగంతో గిడసబారింది.

నా వాదం ఒక్కటే. అడవిలోని జంతువుకు రోగం రావడానికి వంద కారణాలు ఉండవచ్చు. పెట్టెలోని ఇగ్వానాకు వచ్చే రోగాల్లో మాత్రం అత్యధికం మనం తయారుచేసినవే. అది తన ఎండను తాను వెతుక్కోలేదు, తన ఆకును తాను ఎంచుకోలేదు, తన నీడను తాను చూసుకోలేదు. ఆ మూడూ మన చేతిలో పెట్టుకున్నాక, "పాపం, దాని ఆయుష్షు అంతే" అనే హక్కు మనకు లేదు.

రక్తం తన బాకీని ఎముక నుంచి వసూలు చేస్తుంది

ఎముక ఎందుకు మెత్తబడుతుందో తెలిస్తే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. వాటిలో యూవీ-బి అనే భాగం చర్మం మీద పడ్డప్పుడు చర్మంలోని ఒక కొవ్వు పదార్థం విటమిన్ డి3కి పూర్వరూపంగా మారుతుంది. ఆ పూర్వరూపం శరీరపు వెచ్చదనంతో విటమిన్‌గా పరిణమిస్తుంది. తరువాత కాలేయం, మూత్రపిండాలు దానికి తుదిమెరుగులు దిద్దుతాయి. అప్పుడే పేగు ఆహారంలోని కాల్షియంను తగినంత పీల్చుకోగలదు. అంటే కాంతి ఒక్కటే చాలదు, వేడీ కావాలి. వేడి ఒక్కటే చాలదు, కాంతీ కావాలి. ఆ రెండూ ఉన్నా తినే ఆకులో కాల్షియం లేకపోతే ఫలితం శూన్యం.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా రక్తంలో కాల్షియం తగ్గుతుంది. గుండె కొట్టుకోవడానికి, కండరం కదలడానికి కాల్షియం తప్పనిసరి గనుక శరీరం ఊరుకోదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును అధికంగా విడుదల చేసి, ఎముకల్లో దాచిన కాల్షియంను బయటికి లాగుతాయి. ఖాళీ అయిన ఎముకలో పీచు కణజాలం చేరుతుంది. తొడ ఉబ్బుతుంది. ఆ అబ్బాయి కండ అనుకున్నది ఈ పీచునే. దవడ మెత్తబడుతుంది. వెన్ను వంగుతుంది. చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. చివరికి ఎముకలో కూడా నిల్వ అయిపోయినప్పుడు వేళ్లు అదరడం, మూర్ఛలు మొదలవుతాయి. ఆ దశలో మన దగ్గరికి తెచ్చి టానిక్ అడగడమంటే, ఇల్లు కాలిపోయాక బావి తవ్వమన్నట్టే.

ఇక్కడ మన ప్రాంతపు వారికి ఒక మాట చెప్పాలి. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎన్నో ఉన్నాయి. గుడ్లు పెట్టే కోడి దాణాలో ఎంత కాల్షియం కలపాలో, విటమిన్ డి3 ఎందుకు కలపాలో, కలపకపోతే తోలుగుడ్లు ఎలా వస్తాయో అక్కడ పనిచేసే సామాన్య కూలీకి కూడా తెలుసు. కొన్ని వందల రూపాయలు చేసే కోడికి మనం వేసే లెక్క, వేలు పోసి కొన్న ఇగ్వానాకు ఎందుకు వేయము? కోడి మనకు ఆదాయం గనుక దాని శరీరశాస్త్రం నేర్చుకున్నాము. ఇగ్వానా మనకు వినోదం గనుక దాని శరీరశాస్త్రం అక్కరలేదనుకున్నాము. ఇంతకంటే నిష్ఠూరమైన మాట నేను అనలేను.

"మన దగ్గర ఎండకేం కొదవ సార్?"

ఈ మాట నేను పలుమార్లు విన్నాను. నిజమే, కొదవ లేదు. అందుకే మన తప్పు మరింత పెద్దది. ఐరోపాలో చలికాలమంతా మబ్బుపట్టిన ఊళ్లలో పెంచేవారు ప్రత్యేక దీపాలు కొని, వాటి శక్తి కొలిచి, ఆరు నెలలకో ఏడాదికో మారుస్తారు. ఆ గొట్టం దీపం వెలుగు పైకి మామూలుగానే కనిపిస్తుంది గాని, అందులోని యూవీ-బి కాలక్రమేణా క్షీణిస్తుంది. మనకు ఏడాదిలో అధికభాగం ఆ మందు ఆకాశం నుంచి ఉచితంగా వస్తుంది. ఆ ఇంటి వరండాలో పగలంతా ఎండ కాస్తూనే ఉంది. దానికి పది అడుగుల దూరంలో, గాజు వెనక, ఆ జంతువు ఎండ తగలక చచ్చింది.

మామూలు కిటికీ అద్దం వెలుగును లోపలికి రానిస్తుంది, యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కనుక "కిటికీ పక్కనే పెట్టాం" అనేది వైద్యపరంగా ఏమీ కాని మాట. అలంకార దీపం, ఎల్‌ఈడీ బల్బు, నీలిరంగు బల్బు ఏవీ ఈ పని చేయవు.

అలాగని అద్దాలపెట్టెను తీసుకుపోయి ఎండలో పెట్టారో, అది వెంటనే హత్య. గాజు మేలుచేసే కిరణాన్ని ఆపి, వేడిని లోపల బంధిస్తుంది. మన మే నెల ఎండలో ఆ పెట్టె కొద్ది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది. కావలసింది ఇనుప జాలీ పంజరం. దానిలో సగం ఎండ, సగం నీడ ఉండాలి. ఉదయపు ఎండలో, మనిషి కనుచూపు మేరలో, నీళ్ల పళ్లెంతో సహా పెట్టాలి. ఎప్పుడు ఎండలోకి రావాలో, ఎప్పుడు నీడకు పోవాలో నిర్ణయం జంతువుదే కావాలి. చేయవలసిన పని ఇంతే. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పైసా ఖర్చులేని పని చేయకపోవడమే ఆ చావుకు మొదటి కారణం.

వెచ్చదనం విషయంలోనూ ఇదే అజ్ఞానం. మనలాగా ఆ శరీరం తన వేడిని తాను పుట్టించుకోలేదు. 2018, 2020 జనవరి నెలల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో చలి ముదిరినప్పుడు ఇగ్వానాలు కొయ్యబారి చెట్ల మీది నుంచి రాలిపడ్డాయి. 2020లో అక్కడి వాతావరణ శాఖ, వానకు హెచ్చరిక ఇచ్చినట్టు, ఇగ్వానాలు రాలతాయని హెచ్చరిక ఇచ్చింది. ఎండ కాచుకొనే చోట దానికి 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. పంజరంలో మరో మూల 27 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. 22 డిగ్రీలకు పెట్టిన ఏసీ హాలులో దాని పేగు పనిచేయదు, తిన్న ఆకు అరగదు, రోగనిరోధక శక్తి మందగిస్తుంది. మన డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లబడతాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రాత్రులకు వెలుగివ్వకుండా వేడినిచ్చే సెరామిక్ హీటరు వంటిది ఉండాలి. అది జంతువుకు అందనంత దూరంలో, జాలీ వెనక ఉండాలి. కింద పరిచే వేడిరాయి పనికిరాదు. పొట్ట కాలుతున్నా అది సకాలంలో లేవదు. అలా కాలిన పుండ్లు మానడం బహు కష్టం.

ఆకు తినే ప్రాణికి గుడ్డు పెట్టే దయ

ఇగ్వానా శాకాహారి. ఇష్టం కొద్దీ శాకాహారి కాదు, శరీర నిర్మాణం కొద్దీ శాకాహారి. దాని పెద్దపేగులో సూక్ష్మజీవులు ఆకులోని పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. పశువు కడుపులో జరిగేదాని వంటిదే ఈ పని, జరిగే చోటు వేరు. అటువంటి ప్రాణికి గుడ్డు, మాంసం, కుక్కల దాణా పెడితే మొదట్లో త్వరగా పెరిగి, చూసేవారికి ముచ్చట గొలుపుతుంది. ఆపైన మూత్రపిండాలు చెడతాయి. యూరిక్ ఆమ్లం కీళ్లలోనూ లోపలి అవయవాల మీదా పేరుకుంటుంది. మనుషుల్లో గౌట్ అంటామే, అదే. నీరు తక్కువైతే ఈ కీడు రెట్టింపవుతుంది.

కీరదోస, లెట్యూస్, టమాటాల్లో ఉన్నది ప్రధానంగా నీరు. వాటితో కడుపు నిండుతుంది, శరీరం నిండదు. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి మనకు మంచివే. కానీ వాటిలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచుతాయి గనుక దానికి రోజూ పెట్టరాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ అరుదుగా మాత్రమే. అరటిపండు వంటివి నోరు తీపి చేయడానికి ఒక ముక్క. ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం రెట్టింపు ఉండాలన్నది మూలసూత్రం.

మరి ఏం పెట్టాలి? దీనికోసం విదేశీ ప్యాకెట్ కొననక్కరలేదు. మునగాకు ఉంది. మందార ఆకు, మందార పువ్వు ఉన్నాయి. ముల్లంగి ఆకు, ఆవాకు, ద్రాక్ష ఆకు ఉన్నాయి. పాడి రైతులు గేదెల కోసం పెంచే లూసర్న్ గడ్డి ఉంది. గుమ్మడికాయ తురుము, బీన్స్ తోడు చేయవచ్చు. ఇవన్నీ మన పెరట్లోనివే. అయితే మందు కొట్టిన ఆకు కాకూడదు. అంగడి ఆకును పలుమార్లు కడగాలి. ఫామ్‌హౌసుల కంచె వెంట అందానికి పెంచే గన్నేరు, పచ్చగన్నేరు విషాలు. ఇగ్వానాను తోటలో వదిలేసేవారు ముందు ఆ తోటలో ఏముందో చూసుకోవాలి.

ఇక టానిక్కుల మాట. మనుషులకు ఇచ్చే ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్‌ను "ఒక చుక్క" వేస్తే పోలేదా అని అడిగినవారున్నారు. పోతుంది, జంతువే పోతుంది. ఆ విటమిన్ మితిమీరితే కాల్షియం ఎముకలో చేరవలసింది పోయి రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో గడ్డకడుతుంది. మోతాదు నిర్ణయించవలసినది సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడు. మెడికల్ షాపు కుర్రవాడు కాడు, నేనూ కాను.

చోటు గురించి రెండు మాటలతో సరిపెడతాను. అది చెట్టు మీద బతికే ప్రాణి. ఎదిగినదానికి కనీసం ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతున్న పంజరం, ఎక్కడానికి లావుపాటి కొమ్మలు కావాలి. దాని పుట్టుక మధ్య, దక్షిణ అమెరికాల తేమ అడవుల్లో. మన వేసవి పొడిగాలికి దాని కుబుసం సరిగా ఊడక వేళ్లకూ తోక చివరకూ ఉంగరంలా బిగుసుకుంటుంది. రక్తప్రసారం ఆగి ఆ భాగం ఎండి రాలిపోతుంది. రోజూ నీళ్లు చిలకరించడం, గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచడం తప్పనిసరి. మగది జతకట్టే కాలంలో పెంచినవాడినే కరుస్తుంది. ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి మెత్తని మట్టి లేకపోతే గుడ్లు లోపలే నిలిచి ప్రాణం తీస్తాయి. "కరవదు, పని లేదు" అని అమ్మినవాడు వీటిలో ఒక్కటైనా చెప్పాడా?

ఆ ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది

ఇక్కడినుంచి నేను నా స్వంత వృత్తిలోకి వస్తున్నాను గనుక మరింత గట్టిగా మాట్లాడతాను.

ఇగ్వానాను ఎక్కడ స్నానం చేయిస్తావని ఆ అబ్బాయిని అడిగాను. "పాప టబ్బులనే సార్" అన్నాడు. ఆ పాప అతని అన్న కూతురు. పాకుతున్న వయసు.

సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా బాక్టీరియా సహజంగా ఉంటుంది. జంతువుకు ఏ రోగ లక్షణమూ ఉండదు. మలంలో కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. కనుక ఒకసారి పరీక్షలో లేదని తేలినా భరోసా లేదు. యాంటీబయాటిక్‌తో దాన్ని తుడిచిపెట్టలేము. ప్రయత్నిస్తే మందుకు లొంగని రకం తయారవుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి అది సోకితే మూడు రోజుల విరేచనాలతో పోవచ్చు. పాలుతాగే బిడ్డలో అది రక్తంలోకి, మెదడు పొరల్లోకి వెళ్లగలదు. ఆ బిడ్డ జంతువును తాకనక్కరలేదు. తాకిన చేతులతో పాలసీసా పట్టుకున్నా చాలు, అది తిరిగిన నేల మీద పాకినా చాలు.

ఇది నా ఊహ కాదు. చిన్న తాబేళ్ల వల్ల పిల్లలకు ఈ వ్యాధి విపరీతంగా సోకుతున్నదని గ్రహించి, నాలుగు అంగుళాలకంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే నిషేధించింది. అయిదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇళ్లలో సరీసృపాలను పెంచవద్దని అక్కడి ఆరోగ్య సంస్థలు నేటికీ చెబుతున్నాయి. గర్భిణులనూ, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారినీ, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారినీ నేను ఈ జాబితాలోనే చేరుస్తాను. మన ఉమ్మడి కుటుంబాల్లో వీరిలో ఒక్కరైనా లేని ఇల్లు ఎన్ని?

వంటింటి సింకులో దాని పళ్లెం కడగరాదు. దాని స్నానానికి వేరే తొట్టి ఉండాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ముద్దు పెట్టుకోరాదు. వంటగదిలో, పడకగదిలో తిరగనివ్వరాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు వస్తే, ఇంట్లో ఈ జంతువు ఉందని వైద్యుడికి తప్పక చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానం రాదు.

"అయితే ఉడుమును పెంచుకుంటాం"

దిగుమతి జంతువు వద్దంటే కొందరికి మన చేలగట్ల మీది ఉడుము గుర్తుకొస్తుంది. "మన మట్టిలో పుట్టిందే కదా, మన ఎండ దానికి అలవాటే కదా" అంటారు. నడుముకు తాడు కట్టి తెచ్చి పిల్లలకు చూపించేవారున్నారు. కీళ్లనొప్పులకు దాని కొవ్వు నూనె, నడుముకు బలమని దాని మాంసం కొనేవారూ ఉన్నారు.

ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. పట్టినా, పెంచినా, అమ్మినా, కొన్నా మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా పొడిగించదగిన జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఉడుము నూనెతో మోకాళ్లు బాగుపడతాయనడానికి ఏ శాస్త్రీయ ఆధారమూ లేదు. నా సర్వీసులో ఆ నూనె రాసుకొని వచ్చిన మోకాళ్లను ఎన్నింటినో చూశాను. అరిగిన కీలు అరిగినట్టే ఉంది, డబ్బు మాత్రం కరిగింది. అదృష్టం తెచ్చే మొక్కవేరు అంటూ "హత్థా జోడీ" పేరుతో అమ్మేది కూడా వేరు కాదు, మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టినది. ఇంట్లో దేవుడి పటం ముందు పెట్టుకున్నది ఏమిటో తెలిస్తే కొన్నవారు సిగ్గుపడతారు.

ఇగ్వానాతో పోలిస్తే ఉడుము పూర్తిగా వేరు ప్రాణి. అది మాంసాహారి. పురుగులు, ఎలుకలు, పీతలు, గుడ్లు తింటుంది. రోజంతా తిరిగి వేటాడుతుంది. దాని ఆరోగ్యానికి ఏ పంజరమూ చాలదు. అది ఉండవలసిన చోటు మన గుట్టలూ, పొలంగట్లూ, చెరువుకట్టలే. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ప్రాణిని తాడుకు కట్టి చంపడం ఏ విధంగానూ ముచ్చట కాదు.

ఇప్పటికే తెచ్చుకున్నవారికి

ఇగ్వానా విషయంలోనూ చట్టం నిద్రపోలేదు. అంతర్జాతీయ వన్యజీవ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో అది ఉంది. 2022లో మన చట్టాన్ని సవరించి, అటువంటి విదేశీ జాతులను నాలుగో షెడ్యూలులో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. వీటిని పెంచేవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టుక, మరణం, చేతులు మారడం తెలియజేయాలి. కాగితం లేకుండా అమ్మేవాడి దగ్గర కొంటే, రేపు జవాబు చెప్పవలసినది అమ్మినవాడే కాదు, మీరూ.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవారిని నేను నిందించి వదిలేయను. ఈరోజే చేయవలసినవి చెబుతాను.

1. అద్దాలపెట్టెను పక్కన పెట్టి జాలీ పంజరం చేయించండి. రేపు ఉదయం నుంచే సగం ఎండ, సగం నీడలో కొంతసేపు ఉంచండి. వానాకాలానికీ, మబ్బు రోజులకూ అసలైన యూవీ-బి దీపం అమర్చండి. బిగించిన తేదీ దాని మీదే రాసిపెట్టి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చండి.

2. పంజరంలో రెండు ఉష్ణమాపకాలు పెట్టండి, ఒకటి వెచ్చని చోట, ఒకటి చల్లని చోట. చేత్తో తాకి చూసి అంచనా వేయకండి.

3. గుడ్డు, మాంసం, దాణా ఈ పూట నుంచే ఆపండి. మునగాకు, మందార ఆకులతో మొదలుపెట్టండి.

4. వారానికి ఒకసారి తూకం వేసి పుస్తకంలో రాయండి. తిండి తగ్గిన సంగతి కంటికి ఆలస్యంగా తెలుస్తుంది, త్రాసుకు ముందే తెలుస్తుంది.

5. దవడ మెత్తబడటం, కాళ్లు ఉబ్బడం, వేళ్లు అదరడం, వెన్ను వంగడం, పొట్ట ఈడుస్తూ నడవడం, మలవిసర్జన ఆగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముక్కునుంచి తెల్లని ఉప్పు చిమ్మడం మాత్రం దానికి సహజమే, జలుబు కాదు.

6. సాకలేమనిపిస్తే అటవీశాఖ వారికి తెలియజేయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ చెరువుగట్టు మీద వదలకండి. ఫ్లోరిడాలోనూ పోర్టోరికోలోనూ ఇలా వదిలినవీ, తప్పించుకున్నవీ పెరిగి అక్కడి పంటలకూ స్థానిక జీవులకూ బెడదగా మారాయి.

ఇక కొనబోయేవారికి, ముఖ్యంగా "ఈసారి మంచిగ చూసుకుంట" అనేవారికి, నావి మూడు ప్రశ్నలు. రోజూ దానికి నేరుగా ఎండ చూపించే మనిషి మీ ఇంట్లో ఉన్నారా? పదిహేనేళ్ల పాటు ఉంటారా? మీ ఇంట్లో అయిదేళ్లలోపు బిడ్డగాని, వృద్ధులుగాని, రోగులుగాని లేరా? మూడింటికీ "ఉన్నారు, ఉంటారు, లేరు" అని వరుసగా చెప్పగలిగితేనే ఆలోచించండి. ఒక్కటి తప్పినా కొనకండి. పిల్లలకు చూపించాలనిపిస్తే హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు తీసుకుపోండి. సరీసృపాలను దూరం నుంచి, ఏ ముప్పూ లేకుండా చూపించి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

ఆ అబ్బాయితో నేను ఫోనులో చెప్పింది ఇదే: "ముందు ఆ పాప టబ్బును బ్లీచింగ్ నీళ్లతో కడిగి బయట పారేయి బిడ్డా. ఆ అద్దాలపెట్టెను అమ్మేయి. ఇంకో పిల్లను మాత్రం తేకు." అతను ఏమీ అనలేదు. కొన్నాళ్లకు పాపకు టీకా వేయించడానికి వచ్చిన వాళ్ల వదినగారిని అడిగితే, ఇంట్లో పెట్టె లేదనీ, కొత్తది తేలేదనీ చెప్పింది. పాప ఆరోగ్యంగా ఉంది. నాకు అది చాలు.